దీవులకు పోయిన ముత్తాతను పాత కాగితాల్లో వెతకడం ఎలా

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా కోస్తాలో చాలా ఇళ్ళలో ఒక ముక్క కథ ఉంటుంది. ముత్తాత తమ్ముడొకాయన దీవులకు పోయాడు, మళ్ళీ రాలేదు. ఏ దీవి, ఏ ఏడు, ఎవరితో పోయాడు అని అడిగితే పెద్దవాళ్ళకూ తెలియదు. ఫరవాలేదు, ఆ ముక్కతోనే వెతకడం మొదలుపెట్టొచ్చు. కలిసొస్తే ఓడ పేరు, దిగిన తేదీ, తండ్రి పేరు, ఎత్తు, ఒంటి మీది మచ్చ దాకా దొరుకుతాయి.

ఇక్కడి నుంచి వెతికేవాళ్ళతో పాటు ఈమధ్య ఇంకో రకం వాళ్ళకీ ఈ అవసరం పడుతోంది. మారిషస్ నుంచో డర్బన్ నుంచో ఎవరో ఒక పాత కాగితం ఫోటో వాట్సాప్‌లో పంపి, "మా పూర్వీకుల ఊరు మీ దగ్గరేనా చూడండి" అని అడుగుతారు. అలాంటి మెసేజ్ అందినవాళ్ళు నేరుగా జిల్లాల గురించి రాసిన భాగానికి వెళ్ళిపోవచ్చు.

ఆ కాగితం ఎందుకు పుట్టిందో తెలుసుకోండి

ఇది తెలియకపోతే ఏం దొరుకుతుందో, ఏం దొరకదో అంచనా ఉండదు. బ్రిటిష్ పార్లమెంటు 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. పరిహారం కింద 2 కోట్ల పౌన్లు ఇచ్చింది. ఇచ్చింది యజమానులకు, విడుదలైన బానిసలకు పైసా లేదు. తోటల్లో చెరుకు మాత్రం నరకాలి, గానుగ ఆడాలి. ఆ పనికి తక్కువ కూలికి మనుషులు కావాలి. తోటల యజమానుల చూపు ఇండియా మీద పడింది. 1834 నవంబర్ 2న 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలతో మారిషస్‌లోని పోర్ట్ లూయీ చేరింది. అప్పటి నుంచి 1917లో కూలీల ఎగుమతి ఆపేదాకా పది లక్షలకు పైగా మనుషులు కలకత్తా, మద్రాసు రేవుల నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. గిర్మిట్ అని హిందీవాళ్ళు అనేది ఆ ఒప్పందాన్నే.

బానిసత్వానికి కొత్త పేరు పెట్టారని ఇంగ్లండ్‌లోనే గొడవ జరిగింది. మొదటి కొన్నేళ్ళ అనుభవం చూసి 1839లో రవాణా ఆపేశారు కూడా. 1842లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వం తన మీదికి మాట రాకుండా ప్రతి మనిషినీ రిజిస్టర్లో ఎక్కించింది. తోట యజమానికి వేరే అవసరం ఉంది. ఒప్పందం మధ్యలో కూలీ పారిపోతే పట్టుకోవాలి కదా, అందుకు గుర్తులు కావాలి. ఒకరు పరువు కోసం, ఇంకొకరు పెత్తనం కోసం రాయించిన కాగితాలే ఇవాళ మన చేతికి దొరికేవి. అందుకే వాటిలో ఎడమ చేతి మీది పచ్చబొట్టు ఉంటుంది, ఇంటిపేరు ఉండదు. ఎత్తు అంగుళాలతో సహా ఉంటుంది, ఇంట్లో పెళ్ళాం బిడ్డలు మిగిలారా అన్నది ఉండదు.

ఏ జెండా కిందికి పోయాడో తేల్చండి

పేరు పేరునా రాసిన కాగితం చాలావరకు మనిషి దిగిన దేశంలో ఉంటుంది, ఎక్కిన రేవులో కాదు. ఏ సామ్రాజ్యం తీసుకుపోయిందో తేలితే ఏ ఊరికి ఉత్తరం రాయాలో తేలినట్టే.

మారిషస్: 1834 నుంచి 1910 మధ్య దాదాపు నాలుగున్నర లక్షల మంది దిగారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి 1843లో 'కోరింగ ప్యాకెట్' అనే ఓడలో తెలుగువాళ్ళు వెళ్ళారు. ఆ రేవు పేరుతోనే అక్కడ తెలుగువాళ్ళను కోరంగీలని పిలిచారు. మీ ఇంటి కథ బాగా పాతదైతే, అంటే 1860కి ముందుదైతే, ముందు మారిషస్‌లోనే చూడండి.

నేటాల్, అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చుట్టుపక్కల ప్రాంతం: 'ట్రూరో' ఓడ 1860 అక్టోబర్‌లో మద్రాసులో బయల్దేరి నవంబర్ 16న డర్బన్ చేరింది. 342 మంది దిగారు. 1911లో ఆపేసేనాటికి మొత్తం 1,52,184 మంది. వీళ్ళలో మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం జిల్లాల పేర్లు ఈ జాబితాల్లో పదే పదే కనిపిస్తాయి.

ఫిజీ: 1879లో మొదటి ఓడ 'లియోనిడాస్' వచ్చింది కానీ అది కలకత్తా ఓడ. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు 1903లోనే మొదలయ్యాయి, 1916తో అయిపోయాయి. కాబట్టి ఎవరైనా "మా తాత 1885లో మద్రాసులో ఓడెక్కి ఫిజీ పోయాడు" అంటే ఏడో దేశమో ఏదో ఒకటి తప్పు. మొత్తం 60,965 మందిలో దక్షిణాది వాళ్ళు నాలుగో వంతు ఉంటారు. అక్కడ తమిళ, తెలుగు, మలయాళీ తేడా లేకుండా అందరినీ మద్రాసీలనేవారు.

ఫ్రెంచి దీవులు: రీయూనియన్, గ్వాడెలూప్, మార్టినీక్. యానాం ఫ్రెంచివాళ్ళదని మనకు గుర్తుంటుంది, అక్కడి నుంచి కూలీలు పోయారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. రీయూనియన్‌కు 1828లోనే, అంటే బ్రిటిష్‌వాళ్ళు మొదలుపెట్టకముందే, యానాం నుంచి తెలుగు కూలీలను తీసుకెళ్ళారు. తూర్పు గోదావరి కథలో దీవి పేరు తెలియకపోతే ఈ దారి కూడా చూడాల్సిందే.

మలయా, అంటే ఇప్పటి మలేషియా: ఒప్పంద కూలీ పద్ధతి 1910లో ఆగిపోయింది. దానితో పాటు నడుస్తూ, దాని తర్వాత 1938 దాకా సాగింది కంగాణీ పద్ధతి. తోటలో పనిచేసే కంగాణీ (కూలీల మేస్త్రీ) లైసెన్సు పట్టుకుని సొంత ఊరికొచ్చి, తన బంధువులనూ పేటవాళ్ళనూ పోగుచేసి తీసుకెళ్ళేవాడు. అందువల్ల ఒక్కడి కోసం వెతక్కండి, ఆ పేట నుంచి ఇంకెవరు పోయారో అడగండి. ఎస్టేటు పేరు తెలిస్తే సగం పని అయినట్టే. పేరాక్‌లోని బాగాన్ డతో వైపు కొబ్బరి తోటల్లో తెలుగు కుటుంబాలు గుంపుగా స్థిరపడ్డాయి.

బర్మా: ఇక్కడ నిరాశ తప్పదు. ఉత్తరాంధ్రలో "రంగం పోయాడు" అంటే రంగూన్ అని. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో టిక్కెట్టు కొనుక్కుని స్టీమరెక్కేవారు. 1937 ఏప్రిల్ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. కాబట్టి అది విదేశం కాదు, వలస చట్టం వర్తించదు, ఒక్కొక్కరికీ పాస్ (పేరు, ఊరు, గుర్తులు ఉండే వలస కాగితం) రాసిచ్చే పని లేదు. కోట్లలో కాకపోయినా లక్షల్లో జనం వెళ్ళివచ్చిన దారికి పేర్ల రిజిస్టర్ లేదు. ఇంట్లో మనియార్డర్ రసీదులు, ఉత్తరాలు, 1942లో జపాన్‌వాళ్ళు వచ్చినప్పుడు పారిపోయి వచ్చిన కాగితాలు ఉంటే అవే ఆధారం. విశాఖలో బర్మా క్యాంప్ లాంటి పేటల్లో పెద్దవాళ్ళతో మాట్లాడితే కాగితాల్లో లేనివి కొన్ని దొరుకుతాయి.

పెద్దవాళ్ళను ఏం అడగాలి

"ఏ ఏడు పోయాడు?" అని అడిగితే జవాబు రాదు. ఏ కరువప్పుడు, ఏ తుపానప్పుడు, ఎవరి పెళ్ళికి ముందు, ఎవరు కడుపులో ఉండగా అని అడగండి. ధాత కరువు అంటే 1876–78. డొక్కల కరువు అంటే నందన సంవత్సరం, 1832–33. సంవత్సరం పేరు ఒక్కటి చెప్పినా పంచాంగం లెక్కలో అరవయ్యేళ్ళకు ఒకసారి వస్తుంది కాబట్టి, తరాలు లెక్కేసి ఏ సారిదో తేల్చుకోవచ్చు.

తర్వాత ఆయన తండ్రి పేరు. అన్నిటికంటే ఇది ముఖ్యం, ఎందుకంటే రిజిస్టర్లో తప్పకుండా అడిగేది ఇదే. ఒంటరిగా పోయాడా, తమ్ముడో భార్యో వెంట ఉన్నారా? ఒక ఓడలో ఒకే ఊరివాళ్ళు వరస నంబర్లలో కనిపిస్తారు, తోడు పేరు తెలిస్తే నిర్ధారణ తేలిక. ఒక్క ఉత్తరమైనా వచ్చిందా? తపాలా బిళ్ళ మీద ఏ బొమ్మ ఉండేది? పెట్టెలో విదేశీ నాణెం ఉందా?

ఇంకొకటి, ఇబ్బందిగా ఉన్నా అడగాలి. చాలామంది చెప్పి పోలేదు. అప్పు, కేసు, ఇంట్లో గొడవ, కులం దాటిన ప్రేమ, విధవరాలిగా ఊళ్ళో బతకలేకపోవడం, ఇవన్నీ మనుషులను డిపోకు, అంటే ఓడెక్కించేదాకా కూలీలను ఉంచే చోటికి, చేర్చాయి. వంద మంది మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళను పంపాలన్న నిబంధన చాలా ఓడలకు ఉండేది. ఆ లెక్క నిండడానికి ఏజెంట్లు ఒంటరి ఆడవాళ్ళ కోసం సంతల్లో, సత్రాల దగ్గర కాచుకునేవారు. "చెరువులో పడి చనిపోయింది" అని ఇంట్లో చెప్పుకునే మనిషి పేరు డర్బన్ జాబితాలో ఉండొచ్చు. ఆడవాళ్ళ కోసం ఎవరూ వెతకరు, మీరు వెతకండి.

నంబరు దొరికితే సగం పని అయినట్టే

ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. పేరు పది రకాలుగా మారినా నంబరు చచ్చేదాకా మారదు. నేటాల్‌లో దీన్ని కలోనియల్ నంబరు అంటారు, దిగిన వరసలోనే ఇచ్చుకుంటూ పోయారు. కాబట్టి నంబరు చూడగానే ఏ కాలంలో వచ్చాడో ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. చిన్న నంబరైతే 1860ల నాటివాడు, లక్ష దాటితే 1900 తర్వాత వచ్చినవాడు.

నంబరు మన దగ్గర ఉండదు, అక్కడి బంధువుల దగ్గర ఉంటుంది. అదీ వాళ్ళకు తెలియకుండానే. ముత్తాత పెళ్ళి సర్టిఫికెట్టు, పిల్లల జనన నమోదు, చనిపోయినప్పటి కాగితం, వీటిలో పేరు పక్కన ఒక అంకె రాసి ఉంటుంది. ఏదో ఫైల్ నంబరు అనుకుని వదిలేస్తారు. మీకు అక్కడి నుంచి ఎవరైనా రాస్తే మొదట అడగాల్సింది ఇంటిపేరూ కులమూ కాదు, ఆ నంబరు.

పేరును చెవితో వెతకండి

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. గుమాస్తా అడిగింది పేరూ తండ్రి పేరూ. ఇంటిపేరుకు గడే లేదు. కాలక్రమంలో ఆ తండ్రి పేరో ఆయన సొంత పేరో అక్కడి పిల్లలకు ఇంటిపేరైపోయింది. అప్పడు, రాముడు, వీరన్న, అప్పలస్వామి ఇవాళ మారిషస్‌లో, డర్బన్‌లో ఇంటిపేర్లు. కనుక మీ ఇంటిపేరుతో వెతికి లేదనుకుని మానేయకండి, అది అక్కడ ఉండే అవకాశం చాలా తక్కువ.

రాసింది ఎవరన్నది చూడండి. మద్రాసు డిపోలో తెలుగు పేరు తమిళ చెవికి వినపడి, ఇంగ్లీషు అక్షరాల్లో పడింది. అందువల్ల చివరి 'డు' దీర్ఘమై 'డూ' అయింది. 'స్వామి' కాస్తా 'సామి' అయింది, నరసింహులు 'నర్సిములూ' అయ్యాడు. 'గ', 'క' తారుమారవుతాయి, 'ద', 'త' తారుమారవుతాయి. మారిషస్‌లో ఇంకో పొర ఉంది. ఆ దీవిని బ్రిటిష్‌వాళ్ళు 1810లో ఫ్రెంచివాళ్ళ నుంచి లాక్కున్నారు గానీ భాషనూ చట్టాన్నీ కదపలేదు. దొరలు ఇంగ్లీషువాళ్ళు, గుమాస్తాలూ తోట యజమానులూ ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు. ఒకే మనిషి పేరు ఓడ జాబితాలో ఒకలాగా, చర్చి రిజిస్టర్లో లేదా జనన నమోదులో ఫ్రెంచి ఉచ్చారణతో ఇంకోలాగా ఉంటుంది.

చేయాల్సింది ఇది. పేరును పైకి అని చూసుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో కనీసం ఏడెనిమిది రకాలుగా రాసిపెట్టుకోండి. డేటాబేసులో పూర్తి పేరు కొట్టకుండా మొదటి మూడు నాలుగు అక్షరాలతో వెతకండి. తర్వాత జిల్లా పేరుతో వడకట్టండి. అప్పలస్వాములు వందల్లో వస్తారు, తండ్రి పేరు కలిపితే ఇద్దరు ముగ్గురికి తగ్గుతారు.

రాసి ఉన్న జిల్లా ఇప్పటి ఏ జిల్లా

పాస్ మీద జిల్లా, తాలూకా లేదా ఠాణా, గ్రామం అని మూడు గడులుంటాయి. తెల్లదొరల స్పెల్లింగు సమస్య సరే, అసలు చిక్కు సరిహద్దులు మారడం.

గంజాం అని చూసి ఒడియావాళ్ళు అనుకోకండి. చికాకోల్ అని రాసి ఉంటే అది శ్రీకాకుళం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపంతా గంజాం జిల్లాలోనే ఉంది. తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. పాలకొండ మాత్రం అప్పటికే విశాఖ జిల్లాలో ఉంది. ఇవాళ అది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. విజయనగరం జిల్లా 1979లో పుట్టింది కాబట్టి పాత కాగితంలో విజయనగరం అని ఉంటే అది తాలూకా లేదా జమీందారీ.

విశాఖ జిల్లా తాలూకాల్లో సర్వసిద్ధి అన్న పేరు చూసి చాలామంది తల గోక్కుంటారు. ఎలమంచిలి కేంద్రంగా ఉండే తాలూకా అది. ఎస్. రాయవరంలో 'ఎస్' ఆ సర్వసిద్ధే. గోలుగొండ తాలూకా అంటే నర్సీపట్నం, వీరవల్లి తాలూకా అంటే చోడవరం వైపు. ఈ మూడూ ఇప్పుడు అనకాపల్లి జిల్లా పరిధిలోవే.

గోదావరి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 1859కి ముందు రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలు వేరు. ఆ ఏడు వాటిని గోదావరి, కృష్ణా అని రెండు చేశారు. 1904లో నరసాపురం, భీమవరం, తణుకు, ఏలూరు తాలూకాలను గోదావరి నుంచి తీసి కృష్ణాలో కలిపారు, గుంటూరును విడదీశారు. 1925లో పశ్చిమ గోదావరి పుట్టింది. అంటే నరసాపురం మనిషి 1890లో పోతే గోదావరి జిల్లా, 1908లో పోతే కృష్ణా జిల్లా. అన్నదమ్ములు ఇద్దరు వేరువేరు కాలాల్లో పోతే వేరే జిల్లాలవాళ్ళలా కనిపిస్తారు, ఊరు ఒకటే. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లా. చిత్తూరు 1911 దాకా జిల్లాయే కాదు, అక్కడివాళ్ళు ఉత్తర ఆర్కాటు కింద ఉంటారు. ఉత్తర ఆర్కాటు అనగానే తమిళులని తోసేయకుండా పేరూ తాలూకా చూడండి.

నిజాం రాజ్యం వేరే ప్రభుత్వం కింద ఉండడంతో తెలంగాణ ఊళ్ళ పేర్లు ఈ జాబితాల్లో అరుదు.

గ్రామం పేరు తేల్చడానికి 1907లో అచ్చయిన విశాఖపట్నం, గోదావరి జిల్లా గెజిటియర్లు, పాత జనాభా లెక్కల గ్రామ జాబితాలు, సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు సాయపడతాయి. కొత్తవలసలు, రామభద్రపురాలు ఎన్ని ఉన్నాయో తెలుసు కదా, తాలూకా గడి లేకుండా గ్రామాన్ని నమ్మొద్దు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022లో జిల్లాలే 26 అయ్యాయి. కాబట్టి పాత తాలూకా నుంచి నేరుగా ఇప్పటి జిల్లాకు గెంతకుండా, మధ్యలో 1950 నాటి పటం ఒకటి పక్కన పెట్టుకుని ఒక్కో మెట్టు దిగండి. ఇంకో సంగతి, రిజిస్టరైన చోటు, పుట్టిన ఊరు ఒకటి కాకపోవచ్చు. పని వెతుక్కుంటూ కాకినాడ చేరినవాడు కాకినాడే తన ఊరని చెప్పి ఉండొచ్చు.

ఎవరికి రాయాలి

మారిషస్ రికార్డులు మోకాలో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో ఫోటోలూ ఉన్నాయి. వాటి వెనక కథ తెలుసుకోవాలి. ఒప్పందం ముగిసిన కూలీ దీవిలో స్వేచ్ఛగా తిరగకుండా 1867లో ఒక చట్టం తెచ్చారు. ఫోటో అంటించిన టిక్కెట్టు ఎప్పుడూ దగ్గర ఉండాలి. లేకపోతే దిమ్మరి కింద లెక్కగట్టి పోలీసులు జైల్లో పెట్టేవారు. దీని మీద 1871లో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు, దాంతో లండన్ నుంచి విచారణ కమిషనే రావాల్సివచ్చింది. మీ ముత్తాత ముఖం మీకు కనబడితే అది పోలీసు కోసం తీసిన ముఖమని గుర్తుంటే చాలు, ఆ చూపు అలా ఎందుకుందో అర్థమవుతుంది. కూలీలు ఓడ దిగి మొదట ఉన్న డిపో, ఆప్రవాసీ ఘాట్, 1849లో కట్టింది. 2006 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. చూడ్డానికి వెళ్ళండి గానీ పేర్ల కోసం మోకాకు రాయాలి.

నేటాల్ ఓడ జాబితాలను కంప్యూటర్లోకి ఎక్కించారు. క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ సెంటర్ ద్వారా చూడొచ్చు. అందరికంటే నేటాల్ మనిషి కోసం వెతికేవాళ్ళకే తేలిక. జాబితాలో దొరికిన తర్వాత అసలు రుచి పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లోని ప్రొటెక్టర్ (కూలీల బాగోగులు చూసే ప్రభుత్వ అధికారి) కార్యాలయం ఫైళ్ళలో ఉంటుంది. అక్కడ ఫిర్యాదులు, పెళ్ళి తగాదాలు, కూలి ఎగ్గొట్టిన కేసులు ఉంటాయి. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, తర్వాత ఏటా ఒక షిల్లింగు పెంపు అన్నది ఒప్పందం. 1895లో చేసిన చట్టంతో ఒప్పందం ముగిసినా తిరిగి వెళ్ళనివాళ్ళ మీద ఏటా 3 పౌన్ల పన్ను పడింది. కట్టలేనివాడు మళ్ళీ ఒప్పందంలో దిగాలి, లేదా ఓడెక్కాలి. కాబట్టి ఆ తర్వాత వచ్చిన మనిషైతే రెండో ఒప్పందం కాగితాలు కూడా అడగండి. భారతీయ కూలీల 1913 సమ్మె తర్వాత, 1914లో ఆ పన్ను పోయింది.

కుటుంబం క్రైస్తవులైతే ఇంకో దారి ఉంది. నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్య గారిని నేటాల్‌కు పంపారు, కియర్స్‌నీ టీ తోటల్లో తెలుగు సంఘం కట్టారాయన. ఆ చర్చి వారసుల దగ్గర, ఇక్కడ మిషన్ ఊళ్ళలోని బాప్తిస్మపు పుస్తకాల్లో ఒకే పేరు రెండు వైపులా తగలొచ్చు.

ఫిజీ పాసులు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, మైక్రోఫిల్ములు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ గ్రంథాలయాల్లో కొన్నిటిలో దొరుకుతాయి. రీయూనియన్‌కు సెయింట్ డెనిస్‌లోని ఆర్కైవ్స్, మొత్తం ఫ్రెంచి వలసలకు ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లోని ఆర్కైవ్స్. ఫ్రెంచిలో రాస్తే జవాబు తొందరగా వస్తుంది.

ఉత్తరం పొడుగ్గా రాయకండి. పేరు రకరకాల స్పెల్లింగులతో, తండ్రి పేరు, ఉజ్జాయింపు సంవత్సరాలు, జిల్లా, నంబరు ఉంటే నంబరు. కుటుంబ చరిత్ర రెండు పేజీలు రాస్తే చదివే ఓపిక అక్కడి ఉద్యోగికి ఉండదు. ఫీజులూ నిబంధనలూ మారుతుంటాయి, డబ్బు పంపేముందు అడగండి.

మన వైపు కాగితాలు

చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ ఫైళ్ళున్నాయి. ముందుగా అనుమతి తీసుకుని వెళ్ళాలి. పేరు పట్టుకుని వెళితే ఉత్త చేతులతో వస్తారు, అక్కడ ఉండేవి ఎక్కువగా నివేదికలూ లెక్కలూ. ఓడ పేరూ సంవత్సరమూ తెలిశాక వెళితే, ఆ ఓడలో జబ్బులు, చావులు, డిపో పరిస్థితి దొరికే అవకాశం ఉంది. ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ తన సూచికల్లో చాలా భాగం 'అభిలేఖ్ పటల్' పోర్టల్లో పెట్టింది, ఇంట్లో కూర్చుని వెతకొచ్చు.

ఊళ్ళో రెవెన్యూ రికార్డుల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ గ్రామాల్లో ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంటు రిజిస్టర్), డైగ్లాట్ (రెండు భాషల్లో ఉండే పాత భూమి రిజిస్టర్) చూడొచ్చు. జమీందారీ గ్రామాల్లో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ప్రభుత్వ సెటిల్‌మెంటు రికార్డు మొదలవుతుంది. పైగా ఓడెక్కిన వాళ్ళలో భూమి లేనివాళ్ళే ఎక్కువ. పన్ను కట్టనివాడి పేరు ఏ అడంగల్లోనూ ఉండదు. దానికంటే వంశాలు చెప్పేవాళ్ళను పట్టుకోండి. రెడ్లకూ కాపులకూ వంశరాజులు (పిచ్చుగుంట్లవారు), మాదిగలకు డక్కలివాళ్ళు ఇంటిపేర్లూ తరాలూ నోటికి చెబుతారు. ఏ తరంలో ఒక కొమ్మ ఆగిపోయిందో వాళ్ళకు గుర్తుండొచ్చు.

దొరికిన మనిషి మనవాడేనా

పేరు ఒక్కటీ కలిస్తే లెక్కలోకి రాదు. పేరు, తండ్రి పేరు, తాలూకా మూడూ కలవాలి, వయసు అయిదేళ్ళ అటూ ఇటూ సరిపోవాలి. వయసు విషయంలో డిపోలో అబద్ధం మామూలు, పనికి పనికొచ్చే వయసే రాయించారు. తోడు వచ్చినవాడి పేరు కూడా కలిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

కులం గడిని మాత్రం అనుమానంగానే చూడండి. కొన్నిచోట్ల 'జెంటూ' అని ఉంటుంది. అది కులం కాదు, మద్రాసు దొరలు తెలుగువాళ్ళను మొత్తంగా పిలిచిన పేరు. కొందరు డిపో దగ్గరే కులం మార్చి చెప్పారు, ఎందుకు చెప్పకూడదు? సముద్రం దాటాక పాత ఊరి కట్టుబాటు ఎవరు అడుగుతారు? విదేశం నుంచి రాసిన మనిషి రికార్డులో ఒక కులం ఉండి మీ ఇంట్లో ఇంకొకటి ఉంటే, దాన్ని బట్టి బంధుత్వం కాదనకండి, మిగతా మూడు గడులూ చూడండి. అలాగే ఊళ్ళో తొందరపడి "మీరు ఫలానావాళ్ళు" అని వాళ్ళకు చెప్పేయకండి. వాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని వచ్చేస్తారు. వచ్చాక కాదని తేలితే ఇద్దరికీ బాధ. ఓసీఐ కార్డు (విదేశాల్లోని భారత సంతతివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చేది) దరఖాస్తు కోసం ఆధారం అడిగేవాళ్ళకైతే నోటి మాట అసలు పనికిరాదు, ధ్రువీకరించిన రికార్డు కాపీయే పెట్టాలి.

కాపీ చేతికొచ్చాక దాని వెనక పెన్సిల్‌తో ఏ ఆర్కైవ్, ఏ వాల్యూమ్, ఎన్నో పేజీ, ఏ తేదీన తీసుకున్నారో రాయండి. ఫోన్లో ఫోటో అయితే ఫైలు పేరులోనే ఓడ పేరు, నంబరు పెట్టి ఇంట్లో ఇంకో ఇద్దరికి పంపండి.